పటం మార్చిన అధ్యక్షుడు – జేమ్స్ పోల్క్

ఈ సంచిక కోసం పూర్వ విద్యార్థుల చిరునామాలు సేకరించే పనిలో మా ఉపాధ్యాయినులతో పాటు పదవ తరగతి పిల్లలు కొందరు నా గదిలో కూర్చున్నారు. విదేశాలలో స్థిరపడిన మన వారి జాబితా పెద్దదే. శాన్ హోసే, శాక్రమెంటో, శాన్ ఆంటోనియో, డాలస్ అని ఊళ్ల పేర్లు రాసుకుంటూ పోతున్న ఒక పాప కలం ఆపి, "టీచర్, అమెరికాలో ఇంగ్లీషే కదా మాట్లాడతారు, ఈ ఊళ్ల పేర్లు ఇంగ్లీషులా లేవేమి?" అని అడిగింది. ఒకప్పుడు ఆ నేల మెక్సికోది, అక్కడివారి భాష స్పానిష్ అని ఆ పూటకు సమాధానం చెప్పి పంపించాను. కానీ ఆ నేల చేతులు మారిన తీరు రెండు వాక్యాలలో చెప్పదగినది కాదు. ఆ కథలో ప్రధాన పాత్రధారి పేరు వాషింగ్టన్, లింకన్ అంత ప్రసిద్ధమూ కాదు. ఆయన అమెరికా సంయుక్త రాష్ట్రాల పదకొండవ అధ్యక్షుడు జేమ్స్ నాక్స్ పోల్క్.

పోల్క్ 1795 నవంబరు 2న ఉత్తర కరోలినా రాష్ట్రంలోని మెక్లెన్‌బర్గ్ కౌంటీలో జన్మించాడు. పదిమంది సంతానంలో ఆయనే పెద్దవాడు. ఆయన పదకొండవ యేట కుటుంబం పడమటి కొండలు దాటి టెనెస్సీకి వలస వచ్చింది. బాల్యమంతా అనారోగ్యమే. పదిహేడవ యేట మూత్రాశయంలోని రాళ్లు తీయించుకొనడానికి కెంటకీలోని ఎఫ్రాయిమ్ మెక్‌డొవెల్ అనే వైద్యుని వద్దకు తీసుకొని వెళ్లారు. మత్తుమందు ఇంకా కనుగొనబడని కాలమది. కాస్త బ్రాందీ తాగించి, బల్లకు కట్టి శస్త్రచికిత్స చేశారు. బాధ తీరింది, కాని ఆ చికిత్స వల్లనే ఆయనకు సంతానం కలుగలేదని చరిత్రకారులు భావిస్తారు. చదువు కూడా ఆలస్యంగానే మొదలయింది. అయినా 1818లో ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయం నుండి ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడై, న్యాయశాస్త్రం చదివి, రాజకీయాలలో ప్రవేశించాడు.

1824లో ఆయన వివాహమాడిన సారా చిల్డ్రెస్ గురించి ఒక ఉపాధ్యాయినిగా రెండు మాటలు చెప్పకుండా ముందుకు సాగలేను. ఆడపిల్లకు చదువెందుకన్న రోజులలో సారా తండ్రి ఆమెను గుర్రాలపై వందల మైళ్ల దూరం పంపి, సేలం పట్టణంలో మొరేవియన్ క్రైస్తవులు నడిపే బాలికల పాఠశాలలో చేర్పించాడు. ఆ చదువు వృథా కాలేదు. భర్త వద్దకు వచ్చే పత్రికలన్నీ ఆమె ముందుగా చదివి, ఆయన చూడవలసిన భాగాలకు గుర్తు పెట్టి ఇచ్చేది. ఆయన ప్రసంగాలు సరిచూసేది. అధ్యక్షభవనంలో నాట్యాలు మాన్పించి, ఘాటు మద్యాలు నిషేధించి, గృహిణిగా కంటె కార్యదర్శిగానే ఎక్కువ కాలం గడిపింది.

పోల్క్ 1825లో ప్రతినిధుల సభకు ఎన్నికై, 1835 నుండి 1839 వరకు స్పీకరుగా ఉన్నాడు. ఆ పదవి నిర్వహించి అధ్యక్షుడైనవాడు నేటి వరకు ఆయన ఒక్కడే. తరువాత టెనెస్సీ గవర్నరు. ఆ తరువాత వరుసగా 1841లోను, 1843లోను అదే పదవికి పోటీ చేసి ఓడిపోయాడు. ఇక ఆయన కథ ముగిసిందని అందరూ అనుకున్నారు.

1844లో దేశమంతటా ఒకే చర్చ, టెక్సస్. మెక్సికోలో భాగమైన ఆ ప్రాంతంలో అమెరికా నుండి వెళ్లి స్థిరపడినవారు 1836లో తిరుగుబాటు చేసి విడిపోయారు. వారిలో బానిసల యజమానులు చాలామంది ఉన్నారు. మెక్సికో అప్పటికే, 1829లో, బానిసత్వాన్ని రద్దు చేసింది. ఆ విడిపోవడాన్ని మెక్సికో అంగీకరించలేదు. టెక్సస్‌ను అమెరికాలో కలుపుకుంటే యుద్ధం తప్పదని, బానిసత్వ వివాదం భగ్గుమంటుందని పెద్ద నాయకులు వెనుకాడారు. డెమొక్రాటిక్ పార్టీలో అభ్యర్థిత్వం తనదేనని అందరూ తలచిన మార్టిన్ వాన్ బ్యూరెన్ ఆ వెనుకంజ వల్లనే దెబ్బ తిన్నాడు. బాల్టిమోర్ సమావేశంలో ఎవరికీ కావలసిన ఓట్లు రాక, తొమ్మిదవ విడత ఓటింగులో, ఎవరూ తలవని పోల్క్ పేరు నెగ్గింది. సరిగ్గా ఆ నెలలోనే మోర్స్ వేసిన తంతి మార్గం మీదుగా ఆ వార్త వాషింగ్టన్ చేరింది. ప్రత్యర్థి విగ్ పార్టీవారు పోల్క్ ఎవరని ఎగతాళి చేశారు. ఎన్నికలలో ఆయన హెన్రీ క్లేను ఓడించాడు గాని, దేశం మొత్తం మీద తేడా నలభై వేల ఓట్ల లోపే. అధ్యక్షునితో పాటు ఉపాధ్యక్షుడైనవాడు జార్జ్ డాలస్. మన పూర్వ విద్యార్థుల కుటుంబాలు కొన్ని కాపురముంటున్న డాలస్ కౌంటీకి ఆ పేరు ఆయన నుండే వచ్చిందని చెబుతారు.

1845 మార్చి 4న పదవీ ప్రమాణం చేసేనాటికి పోల్క్ వయస్సు నలభై తొమ్మిది. అంత చిన్న వయస్సులో అంతవరకు ఎవరూ అధ్యక్షులు కాలేదు. ఒక్క పర్యాయమే ఉంటానని ముందే మాట ఇచ్చాడు, నిలబెట్టుకున్నాడు. తాను సాధించదలచినవి నాలుగని ఆయన తన మంత్రి జార్జ్ బాంక్రాఫ్ట్‌తో అన్నట్లు ఆ మంత్రి తరువాత రాసుకున్నాడు. దిగుమతి సుంకాలు తగ్గించడం, ప్రభుత్వ ధనానికి స్వతంత్ర ఖజానా ఏర్పరచడం, ఓరెగాన్ వివాదం తీర్చడం, కాలిఫోర్నియాను సంపాదించడం. మొదటి రెండూ 1846లోనే చట్టాలయ్యాయి; వాటి గురించి ఇక్కడ అంతకంటె చెప్పనవసరం లేదు. రాత్రింబవళ్లు పనిచేసే మనిషి. గుమాస్తాల లెక్కలు కూడా తానే చూసేవాడు. ప్రతి రాత్రీ దినచర్య రాసేవాడు. ఆ దినచర్య ఆయన మరణానంతరం చాలా కాలానికి, 1910లో, నాలుగు సంపుటాలుగా అచ్చయింది. ఆయన మనస్సు మనకు తెలుస్తున్నది ప్రధానంగా దాని వల్లనే.

ఓరెగాన్ ప్రాంతం 1818 నుండి అమెరికా, బ్రిటన్‌ల ఉమ్మడి అధీనంలో ఉండేది. ఉత్తరాన 54 డిగ్రీల 40 నిమిషాల వరకు తమదేనని పోల్క్ పక్షంవారు గట్టిగా అరిచారు. చివరకు 1846 జూన్ 15న 49వ అక్షాంశం దగ్గర సంధి కుదిరింది. నేటికీ పడమట అమెరికా, కెనడాల మధ్య సరిహద్దు అదే. బ్రిటన్‌తో బేరం, మెక్సికోతో బాకు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అన్న మన సామెత ఆ సంవత్సరానికి సరిగ్గా అతుకుతుంది.

టెక్సస్ 1845 డిసెంబరులో అమెరికా రాష్ట్రమయింది. ఐతే దాని దక్షిణపు హద్దు ఏది? న్యూసెస్ నది అని మెక్సికో, ఇంకా దక్షిణాన ఉన్న రియో గ్రాండే అని అమెరికా. పోల్క్ ముందుగా జాన్ స్లైడెల్ అనే దూతను పంపి కాలిఫోర్నియా, న్యూ మెక్సికో ప్రాంతాలను కొంటామన్నాడు. మెక్సికో ప్రభుత్వం ఆ దూతకు దర్శనమే ఇవ్వలేదు. అప్పుడు, 1846 జనవరిలో, సేనాని జాకరీ టేలర్‌ను వివాదపు నేల దాటి రియో గ్రాండే ఒడ్డుకు వెళ్లమని ఆజ్ఞ పంపాడు.

ఆ మే నెలలో జరిగినది పోల్క్ దినచర్యలోనే ఉంది. మే 9, శనివారం. మంత్రివర్గం కూడింది. సరిహద్దులో కాల్పులు జరిగినట్లు వార్త ఏదీ ఇంకా రాలేదు. అయినా యుద్ధం ప్రకటించమని కాంగ్రెస్‌ను కోరుదామని అధ్యక్షుడు ప్రతిపాదించాడు. బాంక్రాఫ్ట్ తప్ప తక్కిన మంత్రులు సరేనన్నారు. సమావేశం ముగిసింది. ఆ సాయంత్రమే టేలర్ లేఖ వచ్చింది: ఏప్రిల్ 25న రియో గ్రాండే సమీపంలో మెక్సికో సైనికులు తమ దళంపై దాడి చేశారని, కొందరు మరణించారని. ఆదివారం పని చేయడం ఆయన ఆచారానికి విరుద్ధం. ఆ విచారాన్ని దినచర్యలో రాసుకొని మరీ ఆదివారమంతా యుద్ధ సందేశం సిద్ధం చేశాడు. సోమవారం అది కాంగ్రెస్ ముందుకు వెళ్లింది. అమెరికా గడ్డపై అమెరికా రక్తం చిందిందన్నది దాని సారాంశం. యుద్ధానికి నిర్ణయం ముందు, కారణం తరువాత అన్న క్రమం మాత్రం అందులో లేదు. మే 13న యుద్ధం ప్రకటించబడింది. ప్రతినిధుల సభలో అనుకూలంగా 174, వ్యతిరేకంగా 14 ఓట్లు.

ఆ పద్నాలుగు మందిలో ఒకరు మాజీ అధ్యక్షుడు, వృద్ధుడు జాన్ క్విన్సీ ఆడమ్స్. మరుసటి సంవత్సరం సభలో అడుగుపెట్టిన అబ్రహాం లింకన్, రక్తం చిందిన ఆ చోటు సరిగ్గా ఎక్కడో, అది నిజంగా అమెరికా గడ్డ అవునో కాదో చూపించమని 1847 డిసెంబరులో తీర్మానాలు ప్రవేశపెట్టాడు. పోల్క్ బదులివ్వలేదు. మాసచూసెట్స్‌లో హెన్రీ డేవిడ్ థోరో అనే రచయిత, బానిసత్వాన్ని, ఈ యుద్ధాన్ని సాగించే ప్రభుత్వానికి పన్ను కట్టనని 1846 జూలైలో ఒక రాత్రి జైలులో గడిపాడు. ఆ అనుభవం నుండి 1849లో వెలువడిన ఆయన వ్యాసాన్ని దాదాపు అరవై సంవత్సరాల తరువాత దక్షిణాఫ్రికాలో గాంధీ మహాత్ముడు చదివి, తన పత్రిక 'ఇండియన్ ఒపీనియన్'లో పాఠకులకు పరిచయం చేశారు. పోల్క్ చేసిన యుద్ధానికి మన దేశ చరిత్రతో ఉన్న లంకె ఇది. ఆ యుద్ధంలో యువ సైనికాధికారిగా పోరాడి తరువాత అధ్యక్షుడైన యులిసిస్ గ్రాంట్ కూడా అది అన్యాయపు యుద్ధమని తన ఆత్మకథలో ఒప్పుకున్నాడు.

యుద్ధం పదహారు నెలలలో రాజధాని చేరింది. 1847 మార్చిలో విన్‌ఫీల్డ్ స్కాట్ సేన వెరాక్రూజ్ తీరాన దిగి, సెప్టెంబరు 14న మెక్సికో నగరంలో ప్రవేశించింది. ఆ ముందు రోజు చపుల్తెపెక్ కోటలోని సైనిక పాఠశాలపై దాడి జరిగింది. అక్కడ మరణించిన ఆరుగురు బాలవిద్యార్థులను మెక్సికో ప్రజలు 'వీరబాలురు'గా ప్రతి సెప్టెంబరు 13న స్మరిస్తారు. సరిగ్గా నూరేళ్లకు, 1947లో, అమెరికా అధ్యక్షుడు హారీ ట్రూమన్ ఆ స్మారకం వద్దకు స్వయంగా వెళ్లి పుష్పగుచ్ఛం ఉంచి, తలవంచి మౌనంగా నిలబడ్డాడు. అమెరికా వైపు మరణించినవారు దాదాపు 13,000. వారిలో యుద్ధరంగంలో పోయినవారు కొద్దిమంది. తక్కినవారిని వ్యాధులే కబళించాయి.

సంధి కుదిర్చిన నికొలస్ ట్రిస్ట్ కథ విచిత్రమైనది. విదేశాంగ శాఖలో ప్రధాన గుమాస్తా, స్పానిష్ బాగా తెలిసినవాడు. చర్చలు సాగుతుండగా పోల్క్ ఆయనను వెనక్కు పిలిచాడు. విజయం తరువాత ఇంకా ఎక్కువ భూమి అడగవచ్చునన్న ఆశ పోల్క్‌కు కలిగింది. ఇప్పుడు లేచి వెళితే శాంతి దక్కదని తలచిన ట్రిస్ట్ ఆ ఆజ్ఞను పాటించలేదు. సుదీర్ఘమైన లేఖలో కారణాలు రాసి పంపి, చర్చలు కొనసాగించి, 1848 ఫిబ్రవరి 2న గ్వాడలూప్ హిడాల్గోలో సంతకాలు చేయించాడు. పోల్క్ మండిపడ్డాడు. కాని సంధి తన తొలి ఆదేశాలకు అనుగుణంగానే ఉంది గనుక కాదనలేక సెనేట్‌కు పంపాడు. ట్రిస్ట్‌ను ఉద్యోగం నుండి తొలగించి, జీతం ఆపించాడు. ఆ జీతపు బకాయి 1871లో గాని ఆ ముసలివాని చేతికి అందలేదు.

ఆ సంధితో మెక్సికో సుమారు 5,25,000 చదరపు మైళ్లు వదులుకుంది. నేటి కాలిఫోర్నియా, నెవాడా, యూటా రాష్ట్రాలు మొత్తంగాను, అరిజోనా, న్యూ మెక్సికోలలో చాలా భాగమును అందులోనివే. ప్రతిఫలం కోటీ యాభై లక్షల డాలర్లు. టెక్సస్, ఓరెగాన్ కలుపుకుంటే పోల్క్ కాలంలో అమెరికాకు చేరినది దాదాపు 12 లక్షల చదరపు మైళ్లు. ఇంచుమించు మన భారతదేశమంత. సంతకాలకు తొమ్మిది రోజుల ముందే, జనవరి 24న, కాలిఫోర్నియాలో ఒక రంపపు మిల్లు కాలువలో బంగారు రేణువులు కనిపించాయి. ఆ సంగతి బల్లకు ఇరుప్రక్కలా కూర్చున్న ఏ ఒక్కరికీ తెలియదు.

ఇక ఆ పటంలోని మనుషుల సంగతి. ఎనభై వేల నుండి లక్షమంది మెక్సికన్లు ఇల్లు కదలకుండానే మరొక దేశంలో ఉన్నారు. మన ప్రాంతపువారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రానికి మారినప్పుడు, రాత్రి ఒక రాష్ట్రంలో పడుకున్నవారు తెల్లవారేసరికి వేరొక రాష్ట్రంలో లేచారు. అది ఒకే దేశంలో, పార్లమెంటు చట్టంతో జరిగిన మార్పు. దానిని యుద్ధంతో పోల్చడం తగదు. కాని ఊరు అక్కడే ఉండి గీత జరిగినప్పుడు, మన పిల్లలు ఇక ఏ భాషలో చదువుకుంటారు అన్న ప్రశ్న ఎక్కడైనా ఒకటే.

అక్కడ ఏమి జరిగింది? కోరినవారు ఏడాదిలోగా మెక్సికో పౌరసత్వం నిలుపుకోవచ్చునని, తక్కినవారు అమెరికా పౌరులవుతారని, వారి ఆస్తికి రక్షణ ఉంటుందని సంధి చెప్పింది. పాత భూముల పట్టాలను గుర్తించే పదవ అధికరణాన్ని మాత్రం సెనేట్ కొట్టివేసింది. 1849 శరత్కాలంలో కాలిఫోర్నియా రాజ్యాంగం రాయడానికి నలభై ఎనిమిది మంది మాంటెరే పట్టణంలో సమావేశమయ్యారు. వారు కూర్చున్నది బడి కోసం కట్టిన భవనంలో. ఎనిమిది మంది స్పానిష్ మాట్లాడే స్థానికులు. చట్టాలన్నీ ఇంగ్లీషు, స్పానిష్ భాషలు రెండింటిలోను ప్రచురించాలని ఆ రాజ్యాంగంలో రాశారు. ముప్పై ఏళ్లు గడిచాయి. 1879 నాటి కొత్త రాజ్యాంగంలో ఆ వాక్యం లేదు. ప్రభుత్వ వ్యవహారాలు ఇంగ్లీషులోనే అన్న వాక్యం ఉంది. బంగారం కోసం వచ్చిపడిన జనసముద్రంలో ఆ ఎనిమిది మంది వంటివారి గొంతు వినిపించకుండా పోయింది.

ఆ ఎనిమిది మందిలో ఒకరైన మరియానో వయెహో కథ చదివి నేను చాలాసేపు పుస్తకం మూయలేకపోయాను. ఉత్తర కాలిఫోర్నియాలో ఆయనను మించిన భూస్వామి లేడు. అమెరికా పాలన వస్తే మంచిదే అని నమ్మినవాడు. 1851 నాటి చట్టం ప్రకారం పాత పట్టాదారులందరూ తమ భూమి తమదేనని కమిషను ముందు రుజువు చేసుకోవలసి వచ్చింది. భాష తెలియని కోర్టులు, ఫీజుల కింద భూమినే రాయించుకొనే వకీళ్లు. ఒక్కొక్క వ్యాజ్యానికి సగటున పదిహేడు సంవత్సరాలు. వయెహో పట్టాలలో ఒకటి 1862లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి రద్దయింది. 1890లో మరణించేనాటికి ఇల్లు, దాని చుట్టూ కొద్దిపాటి తోట మిగిలాయి. కాని ఆయన తన జ్ఞాపకాలను స్పానిష్‌లోనే ఐదు సంపుటాలుగా రాసి, చరిత్రకారులకు అప్పగించి వెళ్లాడు. ఆ నేల అసలు వారసులైన ఆదివాసుల గతి ఇంకా దారుణం. 1848లో సుమారు లక్షన్నర ఉన్నవారు ఇరవై ఏళ్లు తిరిగేసరికి ముప్పై వేలు మిగిలారు.

కొత్తగా వచ్చిన భూమిలో బానిసత్వం ఉండవచ్చునా కూడదా అన్న తగవు 1846లోనే, విల్మట్ అనే సభ్యుని సవరణతో మొదలై, 1861లో అంతర్యుద్ధంగా పేలింది. పోల్క్ ఆ తగవును అనవసరమైన అల్లరిగా చూశాడు. ఆయనే బానిసల యజమాని. మిసిసిపీలో ఆయనకు పత్తి క్షేత్రం ఉండేది. అధ్యక్షపదవిలో ఉండగానే, ఇతరుల పేరుమీద, లోకానికి తెలియకుండా పందొమ్మిది మంది బానిసలను కొన్నాడు. వారిలో ఎక్కువమంది పది నుండి పదిహేడేళ్ల పిల్లలు. మన ఐదవ తరగతి నుండి పన్నెండవ తరగతి దాకా ఉన్న వయస్సులు అవి. ఆయన దీక్షను, శ్రమను, మాట నిలుపుకున్న తీరును పిల్లలకు చెప్పేటప్పుడు ఈ ఒక్క వాక్యాన్ని మాత్రం నేను దాటవేయలేను.

1849 మార్చిలో పదవి దిగేసరికి పోల్క్ పనితో అరిగిపోయి ఉన్నాడు. దక్షిణ రాష్ట్రాల మీదుగా తిరుగు ప్రయాణంలో అంతటా కలరా. నాష్‌విల్ చేరిన కొద్ది వారాలకు, జూన్ 15న, యాభై మూడవ యేట మరణించాడు. పదవి విడిచి నూట మూడు రోజులే. కలరా వల్ల ముందు ఊరి శ్మశానంలో పూడ్చారు. మరుసటి సంవత్సరం ఆయన ఇంటి తోటలోనికి మార్చారు. 1893లో మళ్లీ తవ్వి రాష్ట్ర శాసనసభా భవన ప్రాంగణంలోనికి తెచ్చారు. అంత నేల సంపాదించిన మనిషికి ఆరడుగుల చోటు మూడుసార్లు వెదకవలసి వచ్చింది. భర్త పోయిన తరువాత సారా నలభై రెండేళ్లు జీవించింది.

న్యూ మెక్సికో సంగతి చెప్పి ముగిస్తాను. స్పానిష్ మాట్లాడేవారే అక్కడ ఎక్కువమంది గనుక, ఆ ప్రాంతానికి రాష్ట్ర హోదా ఇవ్వడానికి కాంగ్రెస్ దశాబ్దాల తరబడి తాత్సారం చేసింది. 1912లో గాని ఇవ్వలేదు. ఆ రాష్ట్ర రాజ్యాంగ సభలో మాత్రం స్పానిష్ సభ్యులు గణనీయంగా ఉన్నారు. వారు పన్నెండవ అధికరణంలో రెండు నిబంధనలు చేర్పించారు. స్పానిష్ సంతతి పిల్లలకు ప్రభుత్వ పాఠశాలలలో ప్రవేశం నిరాకరించరాదు, వారిని వేరే బడులలో కూర్చోబెట్టరాదు అన్నది ఒకటి. స్పానిష్ మాట్లాడే పిల్లలకు బోధించగలిగేలా ఉపాధ్యాయులకు ఇంగ్లీషు, స్పానిష్ భాషలు రెండింటిలోను శిక్షణ ఇప్పించడం శాసనసభ బాధ్యత అన్నది రెండవది. ఆ రెండవ నిబంధనను నేను కాగితం మీద తెలుగులో రాసుకొని, మొదట ప్రశ్న అడిగిన పాపకు చదివి వినిపించాను. "అది ఇప్పటికీ ఉందా టీచర్?" అని అడిగింది. ఉంది.